విమానానికి రజాయి కుట్టిన మామ

పోయిన చలికాలం మా కోడలు కొత్త రజాయి ఒకటి తెప్పించింది. "లోపల దూది కాదు మామయ్యా, ఫైబరు. ఎత్తి చూడండి, బరువే ఉండదు" అంది. నిజమే, బరువు లేదు. మధ్యాహ్నం భోంచేసి అది కప్పుకుని నడుం వాల్చాను. పావుగంటకి ఒళ్ళంతా చెమట. ఇంకో పావుగంటకి ఊపిరి సలపలేదు. దాన్ని కాళ్ళతో తన్ని, లేచి కూర్చుని, పైకే అనేశాను: "ముక్కు మూసి వెచ్చబెట్టుద్దంట, దీని మొహం మండ!"

కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. "ఎవర్ని మామయ్యా తిట్టేది?"

"నిన్ను కాదమ్మా" అన్నాను. తిట్టు నాదే గానీ దాని ముందున్న మాట నాది కాదు. అది మాచర్లలో పరుపులు కుట్టే మామది. ఆయన పోయాడని ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నాను. కానీ ఆ మాట మాత్రం నా నోట్లో ఇంకా అలాగే ఉన్నట్టుంది, చూడండి.

మామ అంటే నాకు చుట్టమేం కాదు. ఆయన దూదేకుల సాయిబు, మాది నరసరావుపేటలో రైతు కుటుంబం. అయినా మా పల్నాట్లో పరిచయమైన రెండో రోజుకల్లా మనిషిని ఏదో ఒక వరస పెట్టి పిలవకపోతే మాట ముందుకు సాగదు. నేను మామా అన్నాను, ఆయన అల్లుడూ అన్నాడు. అంతటితో చుట్టరికం స్థిరపడిపోయింది.

ఆయన దుకాణం ఒక రేకుల పంచ. పై దూలం నుంచి దూది ఏకే విల్లు వేలాడుతూ ఉండేది, మనిషి ఎత్తున. కొయ్యగుండుతో దాని నారిని మీటితే టంయ్ టంయ్ మని దూది పైకి లేచి పంచంతా కమ్మేసేది. పనిలో ఉండగా చూస్తే ఆయనకి ఎనభై ఏళ్ళనిపించేది. కనుబొమలు, గడ్డం, చెవుల మీది వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండేవి. మొహం కడుక్కుని వస్తే అరవైకి దిగేవాడు. ఒకసారి కొత్త బేరగాడొకడు పనిలో ఉన్నప్పుడు వచ్చి పరుపు చెప్పి, టీ తాగి తిరిగొచ్చేసరికి ఈయన మొహం కడుక్కుని కూర్చున్నాడట. "మీ నాయన ఏడయ్యా?" అని అడిగాడట వాడు. "ఇప్పుడే కడిగేసొచ్చా" అన్నాడట మామ.

దూది మంచిదో కాదో చేత్తో చూసేవాడు కాదు. చిటికెడు తీసి పైపెదవికి తాకించేవాడు. "ఏళ్ళు మొద్దుబారిపోయినయ్ అల్లుడూ, పెదవికి మాత్రం అంతా తెలిసిద్ది" అనేవాడు. తూకం కోసం దూదికి నీళ్ళు చల్లి తెచ్చిన ఒక రైతుని నా ఎదురుగానే పట్టుకున్నాడు. "నీళ్ళు అమ్ముకోవాలంటే బర్రెని కొనుక్కో అబ్బాయ్, పత్తి ఎందుకు?" అన్నాడు. ఆ రైతుకి కోపం రాలేదు సరికదా, పక్కున నవ్వి బస్తా భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో అలవాటుండేది. పరుపు గానీ రజాయి గానీ కుట్టి ఇచ్చిన పదో రోజున పిలవకపోయినా వాళ్ళింటికి వెళ్ళేవాడు. దూది ఎక్కడ సర్దుకుంది, ఎక్కడ గుంట పడింది చూసి, నాలుగు దెబ్బలు కొట్టి, రెండు కుట్లు వేసి వచ్చేవాడు. కూతుర్ని అత్తారింటికి పంపినవాడు చూసిరావద్దా అనేవాడు. తను మాత్రం చాప మీద పడుకునేవాడు.

ఇక విమానం సంగతి. ఎనభైల్లో నేను ఆకాశం మీంచి నేల ఫోటోలు తీసే ఒక కంపెనీలో కెమెరా ఆపరేటర్ని. ఆ శీతాకాలం మాకు పల్నాటి పని పడింది. సాగర్ ఆనకట్ట వైపు ఉన్న చిన్న రన్‌వే మీద మా విమానం, మాచర్లలో మా బస. విమానమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక్క ఇంజను. ముందు కెప్టెన్, వెనక నేను, నా ముందు నేలకి కోసిన కంత, ఆ కంతలోకి కళ్ళు పెట్టి కిందికి చూసే కెమెరా. పొద్దున్నే ఆకాశం శుభ్రంగా ఉంటుందని తెల్లారగానే లేచి పదివేల అడుగులు ఎక్కేవాళ్ళం. కింద మాచర్లలో జనం స్వెట్టరు లేకుండానే టీ తాగుతుంటే, పైన నా వేళ్ళు కొంకర్లు పోయి కెమెరా మీట నొక్కుడు పడేది కాదు. కంత అంచుల నుంచి గాలి ఈల వేస్తూ వచ్చి ఒంటి మీద పంచె తప్ప ఏమీ లేనివాడిలాగా నన్ను వణికించేది.

వేడి లేక కాదు. ఇంజను పొగ బయటికి పోయే డబ్బా చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది. బయటి గాలి ఆ తొడుగులో దూరి, డబ్బా వేడికి వెచ్చబడి, గొట్టంలోంచి లోపలికి వస్తుంది. పొగ దారి పొగది, గాలి దారి గాలిది. అయితే ఆ గొట్టం కెప్టెన్ కాళ్ళ దగ్గర ముగిసేది. ఆయన పాదాలు వెచ్చగా పెట్టుకుని పాటలు పాడుకునేవాడు, నేను వెనక పళ్ళు కొట్టుకునేవాణ్ణి. అందుకని ఒకరోజు మామ దగ్గరికి వెళ్ళి, "విమానానికి రజాయి కుట్టాలి" అన్నాను.

ఆయన విల్లు ఆపాడు. "దేనికీ?"

"విమానానికి మామా."

"ఏందిరా, దానిక్కూడా చలా?" అని కాసేపు ఆలోచించి, "కొలతలు నేనే తీసుకోవాల. రేపు తీసుకుపో" అన్నాడు.

కెప్టెన్ హైదరాబాదు మనిషి. మామ గడ్డం చూడగానే ఉర్దూలో ఆప్యాయంగా ఏదో మొదలుపెట్టాడు. మామ చేతులు కట్టుకుని అంతా విని, "నాకు ఉర్దూ రాదు సారూ. మాది తెలుగే" అన్నాడు. కెప్టెన్ మొహం చూడాలి! తరవాత విమానం చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి దూరి, జానలతో కొలిచి, "ఇంతేనా? మా పెద్దమ్మాయి పెళ్ళికి కుట్టిన పరుపు ఇంతకన్నా పెద్దదే" అని పెదవి విరిచాడు మామ.

అప్పుడు చూశాను ఆయన పనితనం. దారానికి చిటికెడు దూది కట్టి, తలుపు అంచున, కంత చుట్టూ, కిటికీల పక్కన పట్టుకుంటూ పోయాడు. ఎక్కడ దూది కదిలితే అక్కడ సుద్దతో గీత గీశాడు. నాలుగు రోజుల్లో అన్నీ కుట్టి తెచ్చాడు. కెమెరా చుట్టూ రజాయి చక్రం, తలుపుకి రజాయి పరదా, నా వీపుకి ఒక మెత్త. అన్నీ అమర్చాక వెనక తోక వైపు పైన ఒక బెత్తెడు సందు మాత్రం అలాగే వదిలేశాడు.

"అదేంది మామా, దాన్ని మర్చిపోయావు?"

"మర్చిపోలా. లోపలికొచ్చిన గాలి బయటికి పోవద్దా? ముక్కు మూసి వెచ్చబెడతారంట్రా ఎవురైనా?"

ఇక ఆయనకి ఒకటే పిచ్చి పట్టుకుంది. మధ్యాహ్నం మా జీపు తిరిగొచ్చేటప్పుడు దుకాణం ముందు ఆపించి అడిగేవాడు: "మా ఇల్లు కనబడిందా?" ఊళ్ళో ప్రతి మిద్దె మీదా అప్పుడు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఎర్రబట్ట ఆరేస్తే ఎవరికి తెలుస్తుందని, వాళ్ళ మిద్దె మీద నీలం రజాయి ఒకటి పరిచాడు, పైనుంచి నేను గుర్తుపట్టడానికి. పదివేల అడుగుల మీంచి రజాయి కాదు గదా, మిద్దెలే నువ్వుగింజలు. ఆ మాట చెబితే ముసలాయన చిన్నబుచ్చుకుంటాడని, "కనబడింది మామా, నీలంగా మెరిసిపోతోంది" అనేవాణ్ణి. ఆయన తలూపి, ఆ పూట విల్లు కాస్త హుషారుగా మీటేవాడు. "నువ్వూ ఒకసారి ఎక్కరాదా?" అంటే, "ఎక్కాలనే ఉంది. నా ఇల్లు నేను పైనుంచి చూసుకోవాలనే ఉంది. మీ పని కానీండి, చూద్దాం" అనేవాడు.

నేను చేసిన వెధవపని ఇప్పుడు చెప్పాలి. రజాయిలతో లోపల చానా వెచ్చగా ఉంది, నిజమే. కానీ మనిషికి ఆశ ఎక్కువ కదా. ఆ బెత్తెడు సందులోంచి వెచ్చదనమంతా పోతోందని నాకు అనుమానం. పల్నాటివాడికి దూదికి కరువా? దారిలో పత్తి లారీ ఆగితే ఒక గుప్పెడు అడిగి తెచ్చి, ఆ సందులో కుక్కేశాను. మామకి చెప్పలేదు. ఆ రోజు పైన ఎంత హాయిగా ఉందంటే, అమ్మ ఒళ్ళో పడుకున్నట్టే ఉంది.

ఆ హాయే కొంప ముంచబోయింది. రెండో రోజు నుంచి కిందికి దిగగానే తల పగిలిపోయేది. వాంతి వచ్చినట్టుండేది. కెప్టెన్ పాటలు మానేసి ఆవలింతలు మొదలుపెట్టాడు. ఒకరోజు వెళ్ళవలసిన గీత మీద వెళ్ళకుండా కృష్ణ దాటి అవతలికి పోయి, "అరే, నది ఎప్పుడొచ్చింది?" అన్నాడు. మేం బసలో తిన్న గోంగూరని అనుమానించాం, ఆ తర్వాత నీళ్ళని. బస ఇంటావిడ నాకు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసి, "కాస్తయినా ఘాటు లేదు చూడు, పెద్ద దిష్టే" అంది. లోపల తిరుగుతున్నది దిష్టి కాదని మా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

పదో రోజు వచ్చింది. పొద్దున్నే మామ రన్‌వే దగ్గర ప్రత్యక్షం, చేతిలో సూదీ దారం. "రజాయిలు చూసిపోదామని వచ్చా" అన్నాడు. కెప్టెన్ అప్పటికే తొందర మీద ఉన్నాడు. మబ్బులు వస్తున్నాయని కబురు, మిగిలిన పని ఇంకో రెండు పొద్దులది. "జల్దీ చూడు మియా" అన్నాడు.

మామ లోపలికి దూరాడు. మెత్త తట్టాడు, పరదా సవరించాడు. తలెత్తి వెనక సందు చూశాడు. చెయ్యి పెట్టి నేను కుక్కిన దూది లాగాడు. నేను పెట్టినప్పుడు మల్లెపువ్వులా ఉన్న దూది బూడిద రంగులో బయటికొచ్చింది.

"ఇది ఎవురు పెట్టారు?"

"నేనే మామా" అన్నాను.

నన్ను తిట్టలేదు. ఆ దూదిని పైపెదవికి తాకించాడు. మొహం అదోలా పెట్టాడు. ముందుకు వంగి, కెప్టెన్ కాళ్ళ దగ్గర వేడిగాలి వచ్చే గొట్టం పక్కన తలుపు పరదా అంచు విప్పి చూశాడు. అక్కడ ఇంకా నల్లగా ఉంది.

"సారూ, లోపలికి పొగొస్తంది" అన్నాడు.

"పొగ కాదు మియా, దుమ్ము. రన్‌వే అంతా దుమ్మే. దిగు, టైమ్ అయితాంది."

మామ దిగలేదు. ఆ దూదిని రెండు చేతుల్లోకి తీసుకుని, బొటనవేలి గోటితో పీచు పీచుగా విప్పి, చేతిలో ఉన్న దారాన్ని రెండు సీట్ల మధ్య బిగించి కట్టి, దూదిని దాని మీద ఆనించి మీటాడు. అంత చిన్న చోట, అంత చిన్న విల్లు! దుమ్ము కాస్త రాలింది. దూది మాత్రం తెల్లబడలేదు.

"దుమ్మయితే ఏకితే పోయిద్ది సారూ. పొగయితే పోదు. పొయ్యి పక్కన పెట్టిన దూదిని నేను నలభయ్యేళ్ళ నుంచి ఏకుతన్నా. ఇది అదే."

కెప్టెన్‌కి కోపమొచ్చింది. గాలి మోటార్ల సంగతి పరుపులు కుట్టేవాడు చెప్పాలా అన్నాడు. నాకేసి తిరిగి, ఈయన్ని దించుతావా లేదా అన్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. అంత వరకూ నాతో ఒక్క గట్టి మాట అనని మనిషి నా చెయ్యి విదిలించి కొట్టాడు.

"నేను దిగనురా. దిగాలంటే నా రజాయిలన్నీ పీకేసుకుని దిగుతా. చలికి వణుకుతా పోండి, తిరిగొస్తారు. నా రజాయి కప్పుకున్న మనిషి నిద్దర్లోనే పోవటానికి మాత్రం ఈల్లేదు." అలా అంటూ నా సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు. అప్పుడు నాకు భయం వేసింది. అది చావు భయమని అప్పటికి తెలియలేదు.

కెప్టెన్ మెత్తబడ్డాడు. మంచి మనిషి, తలబిరుసు మాత్రమే. "సరే. ఏం చెయ్యాలె చెప్పు" అన్నాడు.

మామ లుంగీ మడతలోంచి తెల్లటి దూది చిటికెడు తీసి వేడిగాలి గొట్టం మూతికి కట్టాడు. తలుపులు తీసిపెట్టమన్నాడు. కెప్టెన్ నేల మీదే ఇంజను వేసి, వేడి పూర్తిగా తిప్పాడు. మేమందరం ఆ చిటికెడు దూదినే చూస్తూ నిలబడ్డాం. పదిహేను నిమిషాలు పట్టిందేమో. ముందు పాలరంగు తగ్గింది, తరవాత అంచులు బూడిదయ్యాయి.

కెప్టెన్ ఇంజను ఆపేశాడు. మా మెకానిక్ మూత విప్పి, రేకు తొడుగు ఊడదీశాడు. పొగ డబ్బాకి చిటికెనవేలంత పగులు. పొగ దారికీ గాలి దారికీ మధ్య ఉండవలసిన గోడ అక్కడ లేదు. ఇన్నాళ్ళూ కొంచెం కొంచెంగా లోపలికి వస్తున్న విషాన్ని బయటికి పోనివ్వకుండా నేనే దూది పెట్టి ఆపాను. ఇంకో రెండు పొద్దులు వెళ్ళి ఉంటే ఏ కొండ మీదో పడి ఉండేవాళ్ళం. కెప్టెన్ విమానం చక్రం పక్కన నేల మీద కూలబడిపోయాడు. కాసేపటికి లేచి, మామ రెండు చేతులూ పట్టుకుని ఉర్దూలో ఏదేదో అన్నాడు, ఆగకుండా, కళ్ళు తుడుచుకుంటూ.

మామ అంతా విని, "నాకు ఉర్దూ రాదు సారూ" అన్నాడు.

హైదరాబాదు నుంచి కొత్త డబ్బా రావడానికి నాలుగు రోజులు పట్టింది. బిగించాక ఒకసారి పైకి ఎగిరి చూసుకోవాలి. కెప్టెన్ మామని తనే వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఈసారి మామ కాదనలేదు. కడిగిన మొహంతో, ఉతికిన లుంగీతో, అరవై ఏళ్ళ మనిషిగా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక నేను. కెప్టెన్ నాకేసి కన్ను కొట్టి, ఎత్తుకి పోకుండా తక్కువలోనే మాచర్ల వైపు తిప్పాడు.

కింద ఊరు ఎర్రగా, మిద్దెలన్నీ మిరపకాయలే. వాటి మధ్యలో ఒక్క నీలం ముక్క. నిజంగా కనబడింది! "మామా! అదిగో మీ ఇల్లు! కిటికీలోంచి చూడు, కుడిపక్క!" అని ఇంజను హోరులో ఆయన చెవి దగ్గర అరిచాను. కెప్టెన్ ఆయన కోసం విమానాన్ని కుడిపక్కకి వంచి ఒక చుట్టు తిప్పాడు, ఆ తర్వాత ఇంకో చుట్టు.

ఆయన తలెత్తలేదు. ముందుకు వంగి, వేడిగాలి గొట్టం మూతి దగ్గర చిటికెడు దూది పట్టుకుని కూర్చున్నాడు. లేచిన దగ్గర్నుంచి దిగేవరకు ఆ దూది మీంచి చూపు తిప్పలేదు. ఊరూ పోయింది, కృష్ణా పోయింది, సాగర్ నీళ్ళూ పోయాయి.

దిగాక దూదిని పైపెదవికి తాకించి, మా ఇద్దరికీ చూపించాడు. తెల్లగా ఉంది. "ఇంక పోండి, మీ పని చేసుకోండి" అన్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. "అంత చూడాలని ఉందన్నావు, అన్నాళ్ళు అడిగావు. కిటికీ పక్కన కూర్చోబెడితే చూడలేదేంది మామా?"

ఆయన తాపీగా రన్‌వే పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "ఇయ్యాలైనా కనబడిందా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఇవాళైనా ఏంది?"

"పోయిన మంగళారం నేను రజాయి అసలు ఆరెయ్యనే లేదు అల్లుడూ. మీ అత్త ఉతకటానికి తీసింది. ఆ రోజు ఇంకా బాగా మెరిసిపోతందన్నావు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన మాత్రం నవ్వుతున్నాడు.

"పర్లేదులే. చెప్పు, ఎట్టుంది?"

చెప్పాను. మిరపకాయల మధ్య అగ్గిపెట్టె అంత నీలం ముక్క అని, దాని పక్కన చీర కట్టిన మనిషి ఒకరు నిలబడి చెయ్యి ఊపుతున్నారని.

"మీ అత్తే" అన్నాడు. "నేను పోతన్నానని చెప్పా. మిద్దెక్కి నిలబడిందన్నమాట."

"నువ్వు చూసి ఉంటే బాగుండేది మామా."

"ఇల్లు చూడటానికి నువ్వున్నావుగా" అన్నాడు. "దూదిని చూడటానికి ఎవురున్నారు?"

ఆ చిటికెడు దూదిని లుంగీ మడతలో పెట్టుకుని, ఇంకో ఇంట్లో పదో రోజు ఉందంటూ లేచాడు.